మూల మడిచిన కార్డులు

ఆమెను ఆఫీసులో అందరూ ఇస్త్రీ మేడమ్ అంటారు. బట్టలు నలగకుండా కట్టుకుంటుంది కాబట్టి ఆ పేరొచ్చిందని కొత్తగా చేరినవాళ్లు అనుకుంటారు గానీ, అంత లేదు. పొద్దున ఎంత శుభ్రంగా వచ్చినా మధ్యాహ్నానికి మోచేతుల దాకా దుమ్ము, జుట్టులో కాగితం పొట్టు. కార్మికుల పింఛను ఆఫీసులో, నేలమట్టానికి దిగువనున్న రికార్డుల గదిలో ముప్పై ఎనిమిదేళ్లుగా పనిచేస్తున్న మనిషి ఇంకెలా ఉంటుంది? ఆ గదికి ఒకటే కిటికీ, అదీ పైకప్పును ఆనుకుని. అందులోంచి వీధిలో నడిచేవాళ్ల పాదాలు తప్ప ఏమీ కనబడవు. పై అధికారులను ఆమె మొహం చూడకముందే బూట్లను బట్టి గుర్తుపడుతుంది. "డైరెక్టరు గారి బూట్లకి ఇవాళ పాలిష్ లేదు, ఇంట్లో గొడవైనట్టుంది" అని ఆమె అన్నదంటే ఆ రోజు ఎవరూ సెలవు చీటీ పట్టుకుని మెట్లెక్కరు.

ఆ పేరు వెనక కథ ఉంది. అది చెప్పాలంటే ముందు కార్డు గురించి చెప్పాలి.

కూలీ అయినా ఫోర్‌మన్ అయినా, ఫ్యాక్టరీలో చేరిన ప్రతి మనిషికీ ఆ గదిలో ఒక కార్డు ఉంటుంది. అరచేయంత, లేత పసుపు రంగు, దళసరి అట్ట. పైన నంబరు, పేరు, కింద ఏడాదికొక గడి. ఆ ఏడాది పని చేసినట్టు రుజువైతే గడిలో ముద్ర పడుతుంది. ఇరవై ముద్రలుంటే ముసలితనంలో పింఛను. పంతొమ్మిదుంటే నమస్కారం పెట్టి ఇంటికి పోవడమే. వరసగా మూడేళ్లు ముద్ర పడకపోతే ఆ కార్డును "ముగిసినవి" అనే అరలోకి తోసేయాలని రూలు.

ఊరి చివర వంతెన దాటితే వేరే దేశం. ఇవతల పని దొరక్కపోతే జనం అవతలికి పోతారు, అవతల ఫ్యాక్టరీ మూతపడితే ఇవతలికి వస్తారు. పిల్లల బడి, ఇంటి అద్దె, అన్నీ ఆ వంతెన మీదే అటూ ఇటూ నడుస్తుంటాయి. మూడేళ్ల రూలు రాసిన మహానుభావుడు మాత్రం ఆ వంతెనను కారులో తప్ప దాటి ఉండడు.

ఆమె పంతొమ్మిదో ఏట ఉద్యోగంలో చేరేసరికి ఆ గదిలో ఒక పెద్ద గుమాస్తా ఉండేవాడు. చేతిలో ఎప్పుడూ అగ్గిపుల్ల, పళ్లు కుట్టుకుంటూ మాట్లాడేవాడు. మొదటి వారంలోనే ఆమెకు ఒక పని నేర్పాడు. ఎవరైనా కౌంటరు దగ్గరకొచ్చి "అయ్యా, నేను అవతలికి పోతున్నా" అని చెబితే, ఆ మనిషి కార్డు తీసి, కుడివైపు పై మూలను లోపలికి మడిచి, బొటనవేలి గోరుతో గట్టిగా గీరి, మళ్లీ దాని చోట దాన్ని పెట్టేవాడు.

"ఇదెందుకండీ?" అని అడిగింది ఆమె.

"మనిషి ఉన్నాడు, పనిలోనే ఉన్నాడు, కాకపోతే వంతెన అవతలున్నాడు. మూల మడిచిన కార్డుని ముగిసినవాట్లోకి తోశావంటే నీ చెయ్యి విరగ్గొడతా" అన్నాడాయన.

ఈ సంగతి ఏ సర్క్యులర్‌లోనూ లేదు. పై అంతస్తులో ఎవరికీ తెలియదు. ఆ గదిలో పనిచేసినవాళ్లకి తప్ప ప్రపంచంలో ఇంకెవరికీ అక్కర్లేదు. ఆయన రిటైరయ్యాక ఆమె మడిచింది. ఏళ్ల తరబడి మడిచీ మడిచీ ఆమె కుడిచేతి బొటనవేలి గోరు ఒక పక్కకి అరిగిపోయింది.

ఆమెకు ఒక అక్క ఉంది, నాలుగేళ్లు పెద్ద. రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టేది. అక్క ఉద్యోగంలో చేరినప్పుడు ఆ కార్డు రాసింది చెల్లెలే. రాసి ఊరుకుందా, ఆ నంబరు అక్కచేత బట్టీ పట్టించింది. అన్నం ముందు కూర్చోబెట్టి చెప్పించేది, నిద్రలేవగానే అడిగేది. "ఇంటి అడ్రసు మర్చిపోయినా ఫర్వాలేదు గానీ నీ నంబరు మర్చిపోతే మాత్రం చంపేస్తా" అనేది. అక్కకి చదువు మీద పెద్ద ఆసక్తి లేదు కానీ రాగం ఉంది. ఆ ఎనిమిది అంకెలనూ ఒక పాటలా కట్టుకుంది. నాలుగూ ఏడూ సున్నా, రెండూ రెండూ, తొమ్మిదీ ఒకటీ ఆరూ. మిషన్ తొక్కుతూ కూడా అదే పాట. పక్క మిషన్ల వాళ్లకి సైతం వచ్చేసింది.

పదకొండేళ్లు అలా గడిచాక ఫ్యాక్టరీలో సగం మందిని తీసేశారు. అక్క అవతలికి వెళ్తానంది. అప్పుడు చెల్లెలికి ఏడో నెల, రెండో కాన్పు. మొదటి కాన్పులో చావు తప్పి బయటపడింది కాబట్టి ఈసారి అక్క పక్కనుండాలని ఆశ పెట్టుకుని ఉంది.

"ఇంకో రెండు నెలలు ఆగలేవా?"

"నేను ఆగుతానే, పని ఆగదు కదా!" అంది అక్క.

మాటా మాటా పెరిగింది. అక్క వెళ్లిన పొద్దున చెల్లెలు గుమ్మం దాకా కూడా రాలేదు. మొహం వాచిపోయేలా ఏడ్చి, అదే మొహంతో ఆఫీసుకి వెళ్లింది. కాన్పు అక్క లేకుండానే అయింది, ఆడపిల్ల. ఏడాది తిరిగేసరికి ఆ పిల్లను చూడటానికి అక్క సంచీ నిండా చిన్న చిన్న గౌన్లు కుట్టుకుని వచ్చింది. గొడవ అక్కడితో తీరిపోయింది. అక్క అవతల పదమూడేళ్లు పనిచేసి వెనక్కి వచ్చి, ఇదే ఊళ్లో ఇంట్లో మిషన్ పెట్టుకుంది.

ఇక ఇస్త్రీ సంగతి. పదహారేళ్ల కిందట, అక్క ఇంకా అవతల ఉన్న రోజుల్లో, కార్డులన్నీ కంప్యూటర్లోకి ఎక్కించమని పైనుంచి ఆర్డరొచ్చింది. స్కానర్ వచ్చింది. సాపుగా ఉన్న కార్డులను గడగడా మింగేది గానీ, మూల మడిచిన కార్డు రాగానే గొంతులో ముల్లు పడ్డట్టు ఆగిపోయేది. గంటకి ఇరవై సార్లు ఆగేది. గడువు దగ్గరపడుతోంది, పై అంతస్తులో అందరి తల ప్రాణం తోకకొచ్చింది. అప్పుడు ఆమెకి బుర్రలో ఒక మెరుపు మెరిసింది. ఇంట్లోంచి ఇస్త్రీ పెట్టె తెచ్చింది. మూలలు విప్పి, పైన పల్చటి గుడ్డ వేసి, సన్నని వేడి మీద ఒక్కో కార్డునూ సాపు చేసింది. మూడు నెలల్లో నలభై వేల కార్డులు. స్కానయ్యాక ముగిసినవీ ముగియనివీ అన్నీ కలిసిపోయి నంబరు వరసలో అరల్లోకి చేరాయి. "నా చొక్కాలకి ఏనాడూ పట్టని అదృష్టం అట్టముక్కలకి పట్టింది" అని వాళ్లాయన వాపోయాడు.

దేశంలో అందరికన్నా ముందు వాళ్ల ఆఫీసే పని ముగించింది. ఆమెకు ప్రశంసా పత్రం ఇచ్చారు. ఇస్త్రీ మేడమ్ అనే పేరూ అప్పుడే వచ్చింది. ఆ పత్రాన్ని ఫ్రేము కట్టించి, కుర్చీ వెనక గోడకి తగిలించుకుంది. తగిలించుకోదా మరి!

ఇదంతా ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, ఆమె రిటైర్‌మెంటుకి ఇంకా పది నెలలుందనగా పరిశోధకులు వచ్చారు. నాలుగు పొరుగు దేశాలు కలిసి మొదలుపెట్టిన అధ్యయనం అది. ఒక దేశంలో కొన్నేళ్లు, ఇంకో దేశంలో కొన్నేళ్లు పనిచేసి ఎక్కడా ఇరవై నిండని మనుషుల్ని ఎలా ఆదుకోవాలి, అందరి ఏళ్లనూ కలిపి ఒకే పింఛను ఎలా ఇవ్వాలి అన్నది వాళ్ల పని. మంచి పని, అందులో రెండో మాట లేదు. ఆ బృందంలో పొట్టిజుట్టు పిల్ల ఒకతె ఉంది, అవతలి దేశం యూనివర్సిటీలో పనిచేస్తుంది. పై అంతస్తులో ఏసీ గది ఇస్తే వద్దని, కింద రికార్డుల గదిలోనే బల్ల వేయించుకుంది. అందుకని ఇస్త్రీ మేడమ్‌కి ఆ పిల్లంటే మొదటిరోజే ఇష్టం కుదిరింది.

ఆరు నెలల తర్వాత ఆ పొట్టిజుట్టు ఒక ముసాయిదా నివేదిక తెచ్చి బల్ల మీద పెట్టింది. "మేడమ్, ఇందులో కార్డుల పట్టిక ఒకటుంది. అంకెలు సరిగ్గా ఉన్నాయో లేదో మీరొకసారి చూస్తారా? వచ్చే వారం నాలుగు దేశాలవాళ్లూ కూర్చుని దీన్ని ఖాయం చేస్తారు."

ఇస్త్రీ మేడమ్ కళ్లజోడు పెట్టుకుని చదివింది. మొదటి సగం చదువుతుంటే మనసు నిండిపోయింది. ఇకమీదట నాలుగు దేశాల్లో ఎక్కడ పనిచేసిన ఏళ్లయినా కలిపి లెక్కించాలట. వెంటనే అక్క గుర్తొచ్చింది. ఇక్కడ పదకొండు, అక్కడ పదమూడు. ఇరవై దాటి ఇంకా మిగులుతాయి!

రెండో సగం అలా లేదు. ఈ దేశంలో ప్రతి ముగ్గురు కార్మికుల్లో ఒకరు పింఛను చందా కట్టడం మధ్యలో మానేస్తున్నారు. దానికి కారణం రేపటి గురించిన ఆలోచన లేకపోవడం. వాళ్లకి అవగాహన తరగతులు పెట్టాలి. ఇక మధ్యలో మానేసినవాళ్ల పాత ఏళ్లను కొత్త లెక్కలో కలపకూడదు. ఇదీ అందులో ఉన్నది.

"ఎవరమ్మా ఈ మానేసినవాళ్లు?"

"మూడేళ్లకి మించి ముద్ర లేనివాళ్లు. కంప్యూటర్లో అలాగే ఉంది మేడమ్. 'మధ్యలో మానేసినవారు' అని."

"మన ఆఫీసు కార్డుల్లో ఎంతమంది?"

"ఇంచుమించు డెబ్భై వేలు."

నలభై వేలు. డెబ్భై వేలలో నిజంగా ముగిసినవి తీసేస్తే మిగిలే ఆ అంకె ఆమెకు కొత్త కాదు. వెనక గోడ మీద ఫ్రేములో బంగారు అక్షరాల్లో రాసి ఉంది. కంప్యూటర్‌కి మడత తెలియదు. మడత ఉందని దానికి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన ఒకే ఒక్క మనిషి ఆ మూడు నెలలూ ఇస్త్రీ చేస్తూ కూర్చుంది. నలభై వేల మంది వంతెన మీదుగా పనికి వెళ్తే, వాళ్లు పని మానేశారని తన చేత్తో తానే రాయించింది.

ఆ సాయంత్రం తిన్నగా ఇంటికి పోకుండా అక్క ఇంటికి వెళ్లింది. అక్క మిషన్ ముందు కూర్చుని పాత ప్యాంటు జిప్పు మారుస్తోంది. అరవై ఒకటో ఏడు. వేళ్ల కణుపులు ఉబ్బి, సూదిలో దారం ఎక్కించడానికి మూడుసార్లు ప్రయత్నించాల్సొస్తోంది.

"ఏమే, పేపర్లో వేశారట కదా! అక్కడివీ ఇక్కడివీ కలుపుతారట. మా కింది వాటా ఆయన చదివి చెప్పాడు. నావి ఇరవైనాలుగు. డబ్బు చేతిలో పడ్డ రోజు ఈ మిషన్ని ఎవరికైనా ఇచ్చేసి, కాళ్లు చాపుకుని కూర్చుంటా. నువ్వే వచ్చి నాకు టీ పెట్టిద్దువు గాని."

"పెడతాలే అక్కా."

"ఏంటే అలా ఉన్నావు? ఒంట్లో బాలేదా?"

"దుమ్ము" అంది చెల్లెలు. ఆ సూది తీసుకుని దారం ఎక్కించి ఇచ్చి, వచ్చేసింది.

రాత్రి మొగుడితో చెప్పింది. ఆయన బస్సు డ్రైవరు, ఏదీ రెండుసార్లు ఆలోచించడు. "నాలుగు నెలలు నోరు మూసుకున్నావంటే పూలదండతో ఇంటికొస్తావు. నోరు విప్పావంటే ఆ పత్రం ఊడబీకుతారు. తర్వాత నీ ఇష్టం" అన్నాడు. కాసేపాగి, "ఎలాగూ నోరు మూసుకోవు కదా! పొద్దున ఆరింటికి లేపనా?" అన్నాడు. ఆయనకు ఆమె సంగతి బాగా తెలుసు.

నాలుగు దేశాల సమావేశం పై అంతస్తులో, గాజు గదిలో జరిగింది. రికార్డుల గుమాస్తాలకి అక్కడ కుర్చీలుండవు. పొట్టిజుట్టు తన పక్కనే కుర్చీ వేయించింది. అధ్యయనానికి పెద్దగా ఉన్న ప్రొఫెసర్ తెల్లగడ్డం ఆయన. మాట నెమ్మది, మనిషి గట్టి. పట్టిక దగ్గరికి రాగానే ఇస్త్రీ మేడమ్ లేచి నిలబడింది. గోడ మీద నుంచి తీసుకొచ్చిన ఫ్రేమును బల్ల మీద పెట్టింది.

"సార్, ఇందులో నలభై వేల మంది మానేసినవాళ్లు కారు. వాళ్లు అవతలికి పనికి వెళ్లారు. వెళ్లినట్టు కార్డు మీద గుర్తుండేది. ఆ గుర్తుని చెరిపింది నేను. చెరిపినందుకు మా డైరెక్టరు ఆఫీసు నాకిది ఇచ్చింది."

ఆమె మొత్తం చెప్పింది. నీళ్లు నమలలేదు, ఎవరి మీదికీ తొయ్యలేదు. డైరెక్టరు గారి మొహంలో కత్తి వాటుకు నెత్తురు చుక్క లేదు. ప్రొఫెసర్ గడ్డం నిమురుకుంటూ విని, "మిమ్మల్ని నమ్ముతున్నానమ్మా. కానీ నివేదికలో నా నమ్మకాన్ని రాయలేను కదా. గుర్తు పోయాక దాన్ని తిరిగి తేవడమెలా?" అన్నాడు.

"గుర్తు పోలేదండీ. సాపు అయిందంతే. అట్ట ఒకసారి విరిగితే ఎంత ఇస్త్రీ చేసినా విరిగినట్టే ఉంటుంది. కంటికి కనబడకపోయినా నా వేలికి తెలుస్తుంది."

"ఎలా రుజువు చేస్తారు?"

"పరీక్ష పెట్టండి" అంది ఆమె.

పొట్టిజుట్టు ఆ రాత్రంతా కూర్చుని పరీక్ష తయారుచేసింది. వంతెన దగ్గర చెదలు తినగా మిగిలిన అనుమతి పత్రాల పుస్తకాలు తెప్పించి, అవతలికి వెళ్లినట్టు రుజువున్న ముప్పై మందినీ, ఊళ్లోనే ఉండి చనిపోయిన ముప్పై మందినీ ఎంచి, వాళ్ల కార్డులు కలిపేసింది. మర్నాడు గాజు గదిలో ఇస్త్రీ మేడమ్ కళ్లకి రుమాలు కట్టారు. ఆమె ఒక్కో కార్డు కుడి మూల మీద బొటనవేలు పోనిచ్చి, "ఉంది", "లేదు", "ఉంది", "ఉంది" అంటూ పోయింది. మధ్యలో ఒకసారి ఆగి, "ఇది పెద్ద గుమాస్తా గారి గోరు, నాది కాదు" అంది. ఎవరూ నవ్వలేదు. చివరికి పొట్టిజుట్టు లెక్క చూసింది. అరవైలో యాభై ఎనిమిది సరి.

"ఆ రెండూ కూడా నా తప్పు కాదండీ" అంది ఆమె రుమాలు విప్పుకుంటూ. "వెళ్లిన మనిషి కౌంటరు దగ్గరకొచ్చి చెప్పకపోయుంటాడు. లేకపోతే మడవాల్సినవాళ్లు మడిచి ఉండరు."

ప్రొఫెసర్ లేచి వచ్చి ఆమె చేతిలోంచి ఒక కార్డు తీసుకుని, తనూ మూల తడిమి చూశాడు. ఆయన వేలికి ఏమీ తెలియలేదు. పొట్టిజుట్టు చిన్న టార్చి తెచ్చి కార్డును పక్కవాటుగా పెట్టి వెలుగు వేసింది. పసుపు అట్ట మీద వెంట్రుకంత గీత కనబడింది. గదిలో అందరూ ముందుకి వంగి చూశారు. ముసాయిదాలో ఆ అధ్యాయాన్ని ఆ పూటే కొట్టేశారు. కొత్తగా రాయడానికి నాలుగు నెలలు గడువు ఇచ్చారు.

అప్పుడు ఇస్త్రీ మేడమ్ ఇంకో మాట అడిగింది. "మా గదిలో మడతలున్నట్టే మిగతా మూడు దేశాల్లోనూ ఏదో ఒకటి ఉండే ఉంటుంది సార్. కార్డుల గదుల్లో కూర్చునేవాళ్లని పిలిపించండి. పెద్దవాళ్లని కాదు, మాలాంటివాళ్లని."

పిలిపించారు. తెర మీద నాలుగు కింది అంతస్తులు ఒకేసారి కనబడ్డాయి. నాలుగు గదులూ ఒకేలా ఉన్నాయి. మొదటి పదిహేను నిమిషాలు చెదల గురించీ మోకాళ్ల నొప్పుల గురించీ మాట్లాడుకున్నారు. పరిశోధకులు ఓపిక పట్టి కూర్చున్నారు. తర్వాత ఒక్కొక్కరూ తమ తమ గదుల రహస్యాలు బయటపెట్టారు. ఒక దేశంలో, వెళ్లినవాళ్ల కార్డులకి దారం కడతారట. ఇంకో దేశంలో తిరగేసి పెడతారట. వంతెన అవతలి గదిలో ఉన్న ముసలి గుమాస్తా, రిటైరయ్యాక కూడా పిలిస్తే వచ్చి కూర్చునే మనిషి, కాస్త సిగ్గుపడుతూ చెప్పాడు. "మా దగ్గర కొత్తగా ఎవరొచ్చినా, నీ పాత దేశంలో నంబరెంత అని అడిగేవాడిని. చెబితే కార్డు వెనక పెన్సిల్‌తో రాసుకునేవాడిని. రూల్లో లేదు. పెన్‌తో రాస్తే తిడతారని పెన్సిల్."

"ఎంతమంది చెప్పేవాళ్లు?" అని పొట్టిజుట్టు ఆత్రంగా అడిగింది.

"నంబరు గుర్తుపెట్టుకునేవాళ్లు ఎక్కడ తల్లీ! వందకి ఇద్దరు ముగ్గురు."

రెండు వైపుల గుర్తుల్లో ఏ ఒక్కటి దొరికినా చాలు, ఆ మనిషి పని మానేయలేదని, పని చేస్తూనే ఉన్నాడని లెక్క. అయితే రెండు దేశాల గుమాస్తాలూ సంతకం పెట్టాలి. అలా రూలు రాశారు. వంతెనకి రెండు వైపులా కార్డులు చూసినవాళ్ల చేతుల మీదుగా పుట్టిన రూలు అది. ఇస్త్రీ మేడమ్‌కి ఆరుగురు మనుషుల్నీ ఆరు టార్చిలనూ ఇచ్చారు. ఆమె వాళ్ల గోళ్లు కత్తిరింపజేసి, కళ్లు మూయించి తడమటం నేర్పింది. రోజుకి ఐదారు వందల కార్డులు తేలేవి. "ఉంది" అన్న మాట విన్నప్పుడల్లా ఆమెకి ఎక్కడో ఒక ఇంట్లో దీపం వెలిగినట్టుండేది. ఆ ఫ్రేముతోపాటు పోయిందనుకున్న మంచిపేరు ముక్క ముక్కగా తిరిగొస్తోంది.

అక్క కార్డు నలభై ఏడో అరలో ఉంది. తీద్దాం తీద్దామనుకుంటూనే వరస వచ్చేదాకా ఆగింది. తనవాళ్లది ముందు చూసుకుందన్న మాట రాకూడదని. లోపల మాత్రం ధీమాగానే ఉంది. వేలమందివి మడిచిన చేత్తో అక్కది మడవకుండా ఉంటుందా?

వరస వచ్చిన రోజు తనే తీసింది. మూల మీద వేలు పోనిచ్చింది. మళ్లీ పోనిచ్చింది. టార్చి వెలుగులో చూసింది. కార్డు నున్నగా ఉంది.

అక్క వెళ్లిన ఆ పొద్దున అప్పుడు గుర్తొచ్చింది. వాచిన మొహంతో ఇదే కుర్చీలో కూర్చుని, ఇదే కార్డు బయటికి తీసి, ఇదే వేలు మూల మీద పెట్టింది. ఎందుకు మడవాలి, చూడు, రెండు నెలల్లో తనే పరిగెత్తుకొస్తుంది అనుకుని, కోపంగా అరలోకి తోసేసింది. తర్వాత పిల్ల పుట్టింది, అక్క గౌన్లు తెచ్చింది, గొడవ మర్చిపోయింది. దాంతోపాటు కార్డునూ మర్చిపోయింది. మడవాల్సినవాళ్లు మడిచి ఉండరు అని గాజు గదిలో అందరి ముందూ అన్నది తనే.

మూల మడవడానికి ఒక్క క్షణం చాలు. గోరు అలవాటైనదే. గదిలో ఆరుగురూ వాళ్ల వాళ్ల కార్డుల్లో తలలు దూర్చి ఉన్నారు. ఎవరికీ తెలియదు, తెలిసినా ఎవరూ ఏమీ అనరు. అక్క పదకొండేళ్లు పనిచేసిన మాట నిజం, అవతలికి వెళ్లిన మాటా నిజం. అబద్ధమైతే కాదు కదా! ఆమె బొటనవేలు మూల మీదే చాలాసేపు ఉండిపోయింది. ఇప్పుడు ఒక్కటి మడిస్తే, తన వేలు ఇప్పటిదాకా "ఉంది" అని చెప్పిన వేల కార్డుల మాటేమిటి? వాళ్లందరి పింఛనూ ఈ వేలి మీద ఆధారపడి ఉంది.

కన్నీళ్లు వచ్చాయి. తుడుచుకోకుండానే ఫారం తీసి, అక్క నంబరు వేసి, ఎదురుగా "మడత లేదు" అని రాసి సంతకం పెట్టింది. ఆ రోజు "లేదు" అని తేలిన కార్డుల జాబితాను, రోజూలాగే, వంతెన అవతలికి పంపింది.

మూడు రోజులు అక్క ఇంటి వైపు వెళ్లలేదు. అక్క ఫోన్ చేస్తే పని ఉందంది. నాలుగో రోజు మధ్యాహ్నం అవతలి ముసలి గుమాస్తా తెర మీదికి వచ్చాడు. ఎదురుగా కార్డుల కట్ట ఉంది.

"మీ 'లేదు' జాబితాలో మొత్తం మూడు వందల పది. మా దగ్గర పెన్సిల్ నంబరున్నవి ఏడే ఏడు తేలాయమ్మా. చదువుతాను, మీ వైపు సరిచూసుకోండి" అన్నాడు. ఒక్కొక్కటే చదివాడు. ఆమె టిక్కు పెడుతూ పోయింది. ఆరు అయ్యాయి. ఏడోది తీసి, కార్డు తిరగేసి, కళ్లజోడు సర్దుకున్నాడు.

"ఇది నాకు బాగా గుర్తు. బట్టల ఫ్యాక్టరీ ఆవిడ. నంబరడిగితే చెప్పదే! పాడింది. లైన్లో నిలబడి పాడింది. నేను రాసుకోలేక మూడుసార్లు పాడించుకున్నా. నాలుగు, ఏడు, సున్నా..."

"రెండూ రెండూ" అంది ఇస్త్రీ మేడమ్.

ముసలాయన కార్డు కిందికి దించాడు.

"తొమ్మిదీ ఒకటీ ఆరూ" అంది ఆమె. రాగం తప్పలేదు.

"అదేనమ్మా. మీకెలా తెలుసు?"

"నేర్పింది నేనే" అంది. ఫారం మీద టిక్కు పెట్టి, కింద సంతకం చేసి, ఆయన సంతకానికి పక్కన చోటు వదిలింది. తర్వాత చెప్పుల్లో కాళ్లు పెట్టుకుని, అక్కకి టీ పెట్టివ్వడానికి మెట్లెక్కింది.